బంద్ రోజు బీగిల్

తెలంగాణ బంద్ అంటేనే జోగారావుకి ఒళ్లు మంట. దానికి తోడు ఇప్పుడీ కుక్కొకటి. కూతురి పోరు పడలేక, కొన్నాళ్లు చూసి చెప్తానని స్నేహితుడి దగ్గర్నుంచి తెచ్చిన వేటజాతి బీగిల్. కొత్తపేటలోని రెండు గదుల కిరాయింట్లో అది సోఫా చీల్చింది, చెప్పులు నమిలింది, ఆయన్ని లుంగీ పట్టుకుని వంటింటి దాకా ఈడ్చింది.

"అదో నేనో తేల్చండి," అంది భార్య ఇందిరాదేవి.

తిరిగిచ్చేద్దామని విసురుగా బయల్దేరితే ఆ రోజే బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. తిట్టుకుంటూ నడుస్తుంటే, దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు ఖాళీగా కనబడగానే కుక్క గొలుసు విడిపించుకుని దూసుకుపోయింది. అలుపొచ్చేదాకా పరిగెత్తి, తనే తిరిగొచ్చి ఆయన కాళ్ల దగ్గర బుద్ధిగా పడుకుంది. తిరిగివ్వడం మానుకుని ఇంటికి తెచ్చాక, ఆ రోజంతా అది కిక్కురుమనలేదు.

మర్నాడు పొద్దున్నే కింది వాటా స్తెఫనుని ఆపాడు. "ఇవాళ బంద్ లేదాండీ?"

"లేదు సార్. బంద్ అంటే తిడ్తరు గద మీరు!"

"తిడతాననుకోండి," అన్నాడు జోగారావు, గొలుసు గుంజుతున్న కుక్కని రెండు చేతులా ఆపుకుంటూ. "మళ్లీ ఎప్పుడు పెడుతున్నారు?"