కూర్మమ్మ ఇంట పురుడు

కూర్మమ్మతో వాదించి నెగ్గినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఆవిడ పక్కింట్లో అద్దెకుండి ఆరేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని, నాకు తెలుసు. ఆవిడ పెరటి చింతచెట్టు మీద ఏటా చలికాలానికి ముందు ముక్కు కింద సంచి వేలాడే గూడబాతులు వచ్చి గూళ్ళు కట్టేవి. అవి సైబీరియా నుంచి వస్తాయని ఊరంతా నమ్మకం. కాదు, మన దేశపు పక్షులేనని నేనోసారి చెప్పబోతే, "అత్తోరూరు ఏదైతేనేటి టీచరమ్మా, పురుటికి పుట్టింటికొచ్చినారు" అని నా నోరు మూయించింది. ఆ మాట ఊళ్ళో అందరూ అనేదే. గూళ్ళున్న కొమ్మ కొట్టరు, చెట్టుకింద టపాసులు కాల్చరు. రెట్టల కంపు మాత్రం భరించాలి. నేనూ భరించాను, తిట్టుకుంటూనే.

ఆవిడ భర్త గంగులు సముద్రం మీద వేటకెళ్ళేవాడు. 2015లో తంపర పక్కన, అంటే పోటు నీళ్ళు నిలిచే బురదనేల అంచున, చిన్న చేపల చెరువు కూడా తవ్వుకున్నాడు. గూడబాతులు దిగి చేపపిల్లల్ని మింగేస్తున్నాయని చెరువు మీద పాత నైలాన్ వల పరిచాడు. వారంలో రెండు పక్షులు అందులో చిక్కుకుని చచ్చిపోయాయి. పెరట్లో ఓ గూట్లో పిల్లలు ఆకలితో అరిచి అరిచి ఊరుకున్నాయి. కూర్మమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. వల తియ్యమని మొగుణ్ణి బతిమాలింది, తిట్టింది. చేపలన్నీ వాటికి పెడితే మనమేం తింటామని అతనడిగాడు. ఆ మాటా న్యాయమే.

మర్నాడు తెల్లారేసరికి కూర్మమ్మ ఒడ్డుకెళ్ళి, పడవ నెట్టబోతున్న జగన్నాధాన్ని ఆపింది. పడవ అతనిదే, గంగులు అందులో పనిచేసేవాడు. మా ఇంట్లో పురుడొచ్చిందని చెబితే, ఎవరికని అడిగాడతను.

"సెట్టుమీద పిల్లకి. ముగ్గురు పుట్టినారు. మనూరి ఆడపిల్లలేనని మీరే అంటారు గదా."

అందరూ నవ్వారు. నవ్వారు గాని, పురిటి మైల ఉన్నవాణ్ణి పడవెక్కించుకునే ధైర్యం ఒక్కడికీ లేకపోయింది. సముద్రంతో వేళాకోళమేమిటి? పదకొండో రోజు స్నానమయ్యాక రమ్మని గంగుల్ని ఇంటికి పంపేశారు.

నాలుగు రోజులు గంగులు నిప్పులు కక్కాడు. చదువుకున్నదానివి, పక్షులకు మైలుండదని నువ్వయినా చెప్పమని నా దగ్గర మొరపెట్టుకున్నాడు. నేను నవ్వాపుకోలేక లోపలికి పోయాను. ఐదో రోజు ఏమీ తోచక చెట్టుకింద మంచం వేసుకున్నాడు. నెత్తిన రెట్ట పడినా కదల్లేదు. తల్లి నోరు తెరిస్తే పిల్ల మెడదాకా తల దూర్చి తినడం పుట్టి బుద్ధెరిగాక అప్పుడే తీరిగ్గా చూశాడు. రోజూ చీకటితో సముద్రానికి పోయేవాడికి పెరట్లో సంగతులు ఏం తెలుస్తాయి? ఆ మధ్యాహ్నం ఓ గూటికి తల్లి రాలేదు. పొద్దువాలినా రాలేదు. పిల్లలు ఒకటే అరుపు. అతను రెండుసార్లు తంపర వైపు చూసి, చాకు తీసుకుని లేచాడు.

నేనూ కూర్మమ్మా వెనకాలే పరిగెత్తాం. పక్షి వలలో ఇంకా కొట్టుకుంటోంది. ముక్కుతో చేయి చీరేస్తున్నా వదలకుండా, రెక్కలకు చుట్టుకున్న దారాలు ఒక్కొక్కటే కోశాడు. అది తూలుతూ లేచి ఊరివైపే ఎగిరింది. ఆ తర్వాత వలంతా తనే పీకి చుట్టేశాడు. చెరువు దగ్గర పగలంతా కూచుని పక్షుల్ని అదిలించే పని తనదని కూర్మమ్మ అంది. మొగుడి చేతికి గుడ్డ కడుతూ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

పదకొండో రోజు పొద్దున్నే జగన్నాధం స్వయంగా వచ్చాడు. గడువు తీరింది గనక స్నానం చేసి పడవ దగ్గరికి రమ్మన్నాడు. గంగులు చెట్టుపైకి చేయి చూపించాడు.

"నిన్న ఆ పైకొమ్మన ఇంకో పిల్లకి పురుడొచ్చినాది. మైల తీరనేదు, మీరెల్లండి."