ఆముదం సీసా

పలాస జీడి ఫ్యాక్టరీలో మా దమయంతి ఇరవై ఏళ్లుగా పప్పు విరక్కుండా పిక్కలు కొడుతోంది. సొన కాల్చకుండా మేమందరం చేతులకు బూడిదే రాసుకుంటాం. ఆమె ఆడపడుచు నీలవేణికి పనిలో చేరిన రోజే వేళ్లు పొక్కాయి. దమయంతి ఇంట్లోని ఆముదం సీసా తెచ్చిచ్చి, బూడిద బదులు అది రాసుకోమని పక్కనే కూర్చోబెట్టుకుని పని నేర్పింది.

నెల తిరక్కుండా దమయంతి బుట్ట నిండా విరిగిన పప్పు ముక్కలే!

"ముసిల్దానివైపోనావే. నువ్వెళ్లి పెంకులెత్తు. నీ పీట నీలవేణికిచ్చెయ్" అన్నాడు మేస్త్రీ, అందరి ముందూ.

దమయంతి బుట్టలోంచి ఒక ముక్క తీసి వాసన చూసింది. జిడ్డు. ఆముదం.

"నానేటి సేసినాను వొదినా?" అంది నీలవేణి.

"నిన్నెవులడిగినారే? నా సీసా నాకిచ్చీ."