విజయ్ పాల్ అరగదీసిన చిల్లగింజ

కాలేజీలో నీళ్లలోని ఉప్పు తీసే కొత్త యంత్రాన్ని విజయ్ పాల్ కాల్చేశాడని నరసాపురంలో వీధివీధినా చెప్పుకున్నారు. శుద్ధ అబద్ధం. ల్యాబులో దానికి నీళ్లు పోయడం అతని పని. ఆ రోజు సముద్రం పోటుకి ఉప్పెక్కిన కాలవనీళ్లు బురదగా ఉంటే, ఇంట్లో బిందెకి చేసినట్టే చిల్లగింజ అరగదీసి కలిపాడు. నీళ్లు తేటపడ్డాయి గానీ, కరెంటు పెడితే ఉప్పును పట్టుకునే బొగ్గుపలకలకు గింజ జిగురు అంటుకుంది. యంత్రం మొరాయించింది.

ప్రిన్సిపాల్ గారు రమ్మన్నారని తెలిసి భార్య రూతు పొయ్యి కూడా వెలిగించకుండా ఎదురుచూసింది. సాయంత్రం అతను నవ్వుతూ వస్తుంటే గుమ్మంలోనే నిలదీసింది.

"ఇకిలింపులు చాల్లే, ఉద్యోగం ఉందా, ఊడిందా?"

"ఉందే బాబూ! పలకలు కడిగితే మళ్లీ పనిచేశాయి. ఇకనించి రోజూ నన్నే గింజ అరగదీసి పొయ్యమన్నారు. ఎంత జిగురుకి యంత్రం ఎంత మొరాయిస్తుందో పరిశోధన చేస్తారంట."