తలుపు అవతలి భోజనం

ఆసుపత్రిలో అందరూ ఆమెను గ్రాములమ్మ అనేవారు. మొదట్లో చాటుగా అనేవారు, తరవాత ముఖం మీదే అనసాగారు, చివరికి ఆమే ఆ పేరుకు పలకడం మొదలుపెట్టింది. ఏ రోగికి ఎన్ని గ్రాముల మాంసకృత్తులు పడాలో, ఎంత నీరు పట్టాలో నిద్రలో లేపి అడిగినా చెప్పే డైటీషియన్ ఆమె. నోటితో తినలేక, పొట్టకు అమర్చిన గొట్టంలోంచి ద్రవాహారం తీసుకుంటూ ఇళ్ళలో ఉండే రోగుల బాగోగులు ఆమె చూసేది.

చదువుకునే రోజుల నుంచీ ఆమెకు ఒక్కటే కోరిక. కాలేజీ లైబ్రరీకి నీలం అట్టతో క్లినికల్ న్యూట్రిషన్ జర్నల్ ఒకటి వచ్చేది. అందులో వ్యాసం పడాలంటే ఆ రంగంలో తలపండినవాళ్ళు చదివి, తమ పేర్లు చెప్పకుండా తప్పులెంచి, ఆఖరికి సరే అనాలి. ఎప్పటికైనా ఆ పేజీల్లో తన పేరు చూసుకోవాలనుకుంది. పెళ్ళయింది, పిల్ల పుట్టింది, జుట్టు నెరిసింది. ఆ కోరికకు మాత్రం వయసు మీదపడలేదు.

ఎట్టకేలకు రాసింది. తన రోగులు ఎలా బరువు పెరిగారో, వాళ్ళ రక్తపరీక్షలు ఎలా మెరుగయ్యాయో పట్టికలు కట్టి పంపింది. నెలల తరబడి ఎదురుచూపు తరవాత జవాబొచ్చింది. ఇద్దరు సమీక్షకులు లెక్కల మీద సందేహాలడిగారు. అవి ఆమెకు మంచినీళ్ళు తాగినంత తేలిక. మూడో మనిషి మాత్రం ఒక్క ప్రశ్న వేసి ఊరుకున్నారు: "బరువు పెరిగింది, సంతోషం. మరి ఈ మనుషులకు ఏం కావాలని ఉందో అడిగారా?"

గ్రాములమ్మకు ఒళ్ళు మండింది.

"ఏం కావాలట? ఒంట్లో సత్తువ కావాలి. అదేగా నేను ఇస్తున్నది!" అని భర్త దగ్గర ఎగిరిపడింది.

"అడిగితే పోయేదేముంది?" అన్నాడాయన, పేపరు మడుస్తూ.

అడగడానికి ఆమె ముందుగా టైలర్ మాస్టారింటికి వెళ్ళింది. పట్టికల్లో అందరికంటే బాగా బరువు పెరిగింది ఆయనే. గొంతులో పుండుకు చికిత్స జరిగాక ఆయనకు మింగడం పోయింది, మాట బొంగురుగా మిగిలింది. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని పైన మేకుకు వేలాడుతూ ఆహారం సంచి.

"రండి గ్రాములమ్మగారూ! మీరు గ్రాములు, మేము అంగుళాలు. ఇద్దరిదీ కొలతల బతుకే," అన్నాడు.

ఆమె నవ్వి, ప్రశ్న అడిగింది. మాస్టారు లోపలి గది వైపు చెవి పెట్టాడు. లోపల కంచాలు పెట్టిన చప్పుడు, ఆ వెంటనే తలుపు మూసిన చప్పుడు వినిపించాయి.

"విన్నారా?"

"ఏమిటండీ?"

"ఆ తలుపు. నేను బాధపడతానని మా ఆవిడా అమ్మాయీ గడియ పెట్టుకుని తింటారు. దొంగతనం చేస్తున్నట్టు, గిన్నె చప్పుడు కాకుండా. ఇదివరకు మా ఆవిడ 'చల్లారిపోతోంది, వస్తారా రారా' అని వీధంతా వినబడేలా అరిచేది. ఈ ఒక్క గుండీ కుట్టి వస్తానుండవే అని విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఆ కేక కోసం చెవి కోసుకుంటున్నానమ్మా."

"మరి రుచి?"

"అదీ గుర్తొస్తుంది, కాదనను. ఏదో అలవాటు పడుతున్నా. పిలవకపోవడం మాత్రం అలవాటు కావడం లేదు."

అప్పుడే ఇల్లాలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఒంటి మీది బట్టలు భుజాల దగ్గర జారిపోతున్నాయి. టైలర్ ఇంట్లో కొలత కుదరని బట్టలేమిటని గ్రాములమ్మకు తట్టింది.

"అక్కయ్యా, మీరు తింటున్నారా అసలు?"

"గొంతు దిగదమ్మా. ఆయన ఇక్కడ కూర్చుంటే అక్కడ ముద్ద ఎలా పెట్టుకోను?"

"ఆయన ముందే కూర్చుని తినండి. ఆయన అడుగుతున్నది అదే."

ఇల్లాలు భర్త వైపు తిరిగింది. "నిజమేనా? నోరు తెరిచి చెప్పొచ్చుగా!"

"ఏడుస్తావని."

"ఇన్నాళ్ళూ నేనేం చేస్తున్నాననుకున్నారు?"

ఆదివారం గ్రాములమ్మనూ భోజనానికి రమ్మన్నారు. వంటింట్లో ఉల్లిపాయలు వేగుతున్నాయి. ఇల్లాలు మొదట సన్నగా పిలిచింది. "అలా కాదమ్మా, గట్టిగా అరువు," అంది కూతురు. రెండోసారి కేక వీధి దాకా పోయింది. మాస్టారు పెళ్ళిచూపులకు వెళ్తున్నవాడిలా చొక్కా సర్దుకుని, ఆహారం సంచి పట్టుకుని వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

కాసేపు బాగానే ఉంది. కూర వడ్డించగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. ఇల్లాలి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. గ్రాములమ్మ తల ఎత్తలేకపోయింది. తలుపు వెయ్యడానికి కూతురు లేచింది గానీ ఎందుకో మళ్ళీ కూర్చుంది.

కొంతసేపటికి ముందుగదిలోంచి బొంగురుగొంతు వినబడింది. "కూర అడుగంటిందా?"

"లేదు!"

"అంటింది. వాసనొస్తోంది."

"నా వంటకు వంక పెట్టకపోతే మీకు పొద్దు గడవదు!" అంటూనే ఇల్లాలు నవ్వింది. నవ్వుతూ ఏడుస్తూ కంచం ఖాళీ చేసింది.

ఆ తరవాత కొన్ని రోజులు ఆయన భోజనం అయ్యేదాకా కూర్చునేవాడు, కొన్ని రోజులు మధ్యలో లేచిపోయేవాడు. ఇల్లాలు మాత్రం ఏ రోజూ పిలవడం మానలేదు.

గ్రాములమ్మ మిగతా రోగులనూ అడిగి, వాళ్ళు చెప్పినదంతా రెండు పేజీలు రాసింది. జర్నల్ వాళ్ళు చోటు చాలదని ఒక్క వాక్యానికి కుదించారు. వ్యాసం అచ్చయిన రోజున ఆమె తన పేరు మీద వేలు పెట్టి చూసుకుంది. ఎన్నేళ్ళుగానో ఊహించుకున్న సంతోషం వచ్చింది కానీ, ఊహలో ఉన్నంత పెద్దదిగా లేదు. వెంటనే టైలర్ ఇంటికి పట్టుకెళ్ళి ఆ వాక్యం తెలుగులో చదివి వినిపించింది: "కుటుంబంతో కలిసి భోజనం చేయాలన్న కోరికను పలువురు రోగులు వ్యక్తం చేశారు."

"ఇంతేనా? మా ఆవిడ కేక రాయలేదా?"

"రాశానండీ. తీసేశారు."

మాస్టారు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాడు. లోపలికి వినబడకుండా అడిగాడు. "అమ్మా, ఎప్పటికైనా ఒక్క ముద్ద?"

ఆమె ఏ రోగితోనూ అబద్ధం చెప్పి ఎరగదు. తల అడ్డంగా ఊపింది.

"తెలుసు. అడగాలనిపించింది," అని ఆయన కత్తెర అందుకుని గుడ్డ వైపు తిరిగాడు.