తన చేతిరాత ఉన్న ర్యామ్‌లు

తనని దొంగ అన్న మనిషి ఏదో ఒక రోజు తన గుమ్మం తొక్కకపోడని ఆమె ఎనిమిదేళ్లుగా పళ్లు నూరుకుంటూ ఎదురుచూసింది.

అప్పట్లో అతని కంప్యూటర్ల షాపులో ఆమె మెకానిక్. రెండు కొత్త ర్యామ్‌లు కనపడలేదని ఓ రోజు కస్టమర్లందరి ముందూ ఆమె సంచిని బల్ల మీద బోర్లించాడు. దువ్వెన, టిఫిన్ డబ్బా, తలనొప్పి బిళ్లలు రాలాయి. అయినా బయటికి పొమ్మన్నాడు. ఆ ఉద్యోగం ఇప్పించిన మేనమామ "నా తల కొట్టేసినంత పని చేశావే" అని, అక్క ఇంటి గడప తొక్కడమే మానేశాడు. ఆమె మాత్రం పని మానలేదు. సొంతంగా ఓ చిన్న షాపు పెట్టుకుంది.

ఎనిమిదేళ్ల తర్వాత ఓ మిట్టమధ్యాహ్నం, షాపు ఎత్తేసిన ఆ పాత యజమాని సీపీయూని చంటిపిల్లలా ఎత్తుకుని వచ్చాడు.

"అమ్మా, ఇక మీరే దిక్కు. పొద్దున్నే నొక్కితే ఫ్యాను ఓసారి తిరిగి ఆగిపోతోంది. పదిసార్లు నొక్కితే ఒకసారి లేస్తుంది. లేచాక సాయంత్రం దాకా ఢోకా లేదు. ముగ్గురు చూశారు, బోర్డు పోయిందంటున్నారు."

'నువ్వు' పోయి 'మీరు' వచ్చిందన్నమాట. "కూర్చోండి" అంది, లోపల వేచి ఉన్న నలుగురు కస్టమర్ల మధ్య చోటు చూపించి.

వైర్లు బిగించి చూసింది. లేవలేదు. ర్యామ్‌లు తీసి, వాటి పిన్నుల్ని రబ్బరుతో తుడవబోయి ఆగిపోయింది. అంచున నల్ల సిరాతో, తనని గెంటేసిన వారం నాటి తేదీ. ఏడు అంకెకి నడుమున చిన్న గీత. ఆ షాపులో కొత్త సరుకు మీద తేదీలు వేసింది ఆమే. ఆ గీత ఆమెదే.

"ఇవి మీ మెషీన్‌లోకి ఎలా వచ్చాయి?"

"మా బావమరిది... నాకు చెప్పకుండా తీసి ఇందులో పెట్టేశాడమ్మా. నెల తర్వాత తెలిసింది."

"తెలిసి?"

"ఎలాగూ వెళ్లిపోయారు కదా, మళ్లీ తవ్వుకోవడం ఎందుకని..."

మెషీన్ మొహాన కొట్టి పంపేయాలనిపించింది. కానీ అంత తేలిగ్గా వదిలితే ఎలా?

"మా మామయ్యకి ఫోన్ చేయండి. స్పీకర్ పెట్టండి. సంచి బోర్లించిన సంగతితో సహా చెప్పండి. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకుంటాను."

నలుగురూ వింటుండగా చెప్పాడు. అతని మొహాన కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. అంతా విని మామయ్య "ఫోన్ దానికివ్వండి" అన్నాడు.

"పనిలో ఉన్నానని చెప్పండి" అందామె.

బాగున్న పవర్ సప్లై ఒకటి తెచ్చి తగిలించింది. మొదటి నొక్కుకే లేచింది. చల్లారనిచ్చి మళ్లీ నొక్కింది, మళ్లీ లేచింది. పాతది విప్పితే లోపల కరెంటు నిలవచేసే కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. వేడెక్కితే గాని వాటికి సత్తువ రావడం లేదు.

"బోర్డుకి ఏమీ కాలేదు. తీసుకెళ్లండి."

"మనసులో పెట్టుకోకండమ్మా..."

"మెషీన్ బాగైంది. అంతవరకే నా పని."

మర్నాడు పొద్దున్నే మామయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు.

"తీశావా లేదా అని ఒక్కసారైనా నన్ను అడగలేదేం, మామయ్యా?"

ఆయన చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. కూర్చోమంది గానీ, మంచినీళ్లు మాత్రం ఆయన్నే తెచ్చుకోమంది.