రెండు సగం రోజులు కలిపి రాయించుకున్నాను

ఆ జూన్ ఉదయం రొయ్యల ఫ్యాక్టరీలో పొట్టు తీసే పీలింగ్ టేబుల్ దగ్గర నిలబడి ఉండగానే నా కళ్లకు చీకట్లు కమ్మాయి. చేతులు ఐసు నీళ్లలో ఉన్నాయి, ఒంటికేమో చెమటలు. పక్కనున్న సుజాత పట్టుకోకపోతే గచ్చు మీద పడేదాన్ని.

"ఏంటక్కా, మొహం అలా పాలిపోయింది?" అంది.

అప్పటికి మూడు నెలలుగా నెలసరి వస్తే పదేసి రోజులైనా ఆగడం లేదు. నలభై నాలుగేళ్లు వచ్చాయి, మామూలేలే అనుకుని ఎవరికీ చెప్పలేదు. భీమవరంలో పరీక్షలు చేయిస్తే డాక్టరు గారు కాగితం చూసి నా వైపు చూశారు.

"హిమోగ్లోబిన్ ఆరు ఉందమ్మా. ఇలా ఎలా నిలబడి పని చేస్తున్నారు?"

అల్ట్రాసౌండ్‌లో ఫైబ్రాయిడ్స్ అని, గర్భసంచిలో గడ్డలని తేలింది. ఐరన్ ఇంజెక్షన్లు, మాత్రలు రాసి, పని తగ్గించుకోమన్నారు. పూర్తిగా మానేస్తే ఇల్లు గడవదు. మా ఆయన ప్రకాశం చేపల చెరువుల దగ్గర కాపలా ఉంటాడు, ఆ ఒక్క జీతం చాలదు. అందుకని మధ్యాహ్నం వరకే వస్తానని సూపర్‌వైజర్ గారిని బతిమాలాను.

మా ఆడవాళ్లకి ఒక అలవాటు ఉంది. సగం పూటలు పని చేస్తే, అలాంటివి రెండు కలిపి మస్టరులో, అంటే హాజరు పుస్తకంలో, ఒక్క రోజుగా రాయించుకుంటాం. కూలిలో పైసా తేడా రాదు, లెక్క చూసుకోవడం తేలిక. నాకూ అలాగే రాయమని ఆయన్ని అడిగాను.

"అలాగేలెండి, కలిపి రాసేస్తాను" అన్నారాయన. ఆ మాటకే పొంగిపోయి ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తెచ్చి ఇచ్చాను. సెప్టెంబరు ఆఖరు దాకా అలాగే నడిచింది. ఒంట్లో కాస్త నయమనిపించి మళ్లీ పూర్తి రోజులకు వెళ్లాను.

ఫిబ్రవరిలో రక్తస్రావం ఆగలేదు. రక్తం ఎక్కించి, హిస్టరెక్టమీ చేసి గర్భసంచి తీసేశారు. ఆపరేషన్‌కి మాకు ఖర్చు కాలేదు, అదంతా కార్మిక బీమా చూసుకుంది. "మూడు నెలలు బరువులు ఎత్తకూడదు, ఐసులో నిలబడకూడదు" అని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. నేను దిగులు పడలేదు. జబ్బు సెలవులో ఉంటే జీతంలో ఎక్కువ భాగం బీమా వాళ్లే ఇస్తారు కదా అనుకున్నాను.

ఆపరేషన్ అయిన పన్నెండో రోజున పొట్ట పట్టుకుని బీమా ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి కంప్యూటర్ చూసి, "మీకు సెలవు డబ్బులు రావండి" అంది.

"ఎందుకు రావమ్మా?"

"ఇప్పటి సెలవుకి పోయిన ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా చూస్తామండి. హాజరు డెబ్బై ఎనిమిది రోజులు ఉండాలి. మీకు డెబ్బై ఒకటే ఉన్నాయి."

నేను తొంభై రోజులు దాటి వెళ్లానని ప్రమాణం చేసి చెప్పాను. సగం పూటల సంగతి విని ఆ అమ్మాయి తల పట్టుకుంది.

"సగం పూట చేసినా అది ఒక రోజేనండి! కలిపి ఎందుకు రాయించుకున్నారు?"

ఎవరో నా రోజులు దొంగిలించి ఉంటే తిట్టుకునేదాన్ని. నేనే అడిగి, నేనే సంతకం పెట్టి, పైగా స్వీటు తినిపించాను. ఫ్యాక్టరీకి వెళ్లి సరిచేయమంటే, మస్టరు మీద నా సంతకాలు చూపించారు. నా సంతకాన్ని నేనే పరాయిదానిలా చూస్తూ నిలబడ్డాను.

ఇల్లు గడవక ఇరవై రెండో రోజున మళ్లీ టేబుల్ దగ్గరికి వెళ్లాను. వారం తిరక్కుండానే కుట్ల దగ్గర చీము పట్టింది, జ్వరం కాసింది. "ఇన్ఫెక్షన్. మీకు రెస్ట్ అని చెప్పలేదా?" అని డాక్టరు గారు కేకలేశారు. చెప్పారు. ఆ రెస్ట్ ఏడు రోజుల తక్కువలో పోయిందని నేనేం చెప్పను? పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను, మళ్లీ కుట్లు వేశారు.

ఇప్పుడు హిమోగ్లోబిన్ పదకొండు ఉంది. ప్యాకింగ్‌లో కూర్చుని చేసే పని ఇచ్చారు. వంగినప్పుడు పొట్ట ఇప్పటికీ లాగుతుంది, అలా లాగినప్పుడల్లా నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఇది చదివే అక్కచెల్లెళ్లకు ఒక్క మాట. ఒంట్లో బాగోక పని తగ్గించుకుంటే తగ్గించుకోండి, అందులో సిగ్గు లేదు. కానీ గంట చేసి వెళ్లిపోయినా ఆ రోజుని ఆ తారీఖులోనే రాయించుకోండి. కలిపేస్తామని ఎవరైనా మంచిగా అడిగితే వద్దండీ అని చెప్పండి. నేను చెప్పి ఉంటే, ఆ ఇరవై రెండో రోజున మంచం మీదే పడుకుని ఉండేదాన్ని.