అమ్మ చెప్పిందన్న మాటలు

మా అత్తమ్మ కుడిచేతి చిటికెనవేలు కొంచెం వంకర. సూర్యాపేటలో మా ఇంట్లో పొద్దున వంటకు బియ్యం తీశాక, గోలెంలో మిగిలినవాటిని చదును చేసి పైన అరచెయ్యి గట్టిగా అద్దేది. ఎవరు చెయ్యి పెట్టినా ఆ ముద్ర చెదురుతుంది. నేను ఆ ముద్ర నేర్చుకున్నాను. ఆమె చేనికి పోయిన పూట సోలెడు బియ్యం తీసి, మళ్ళీ చదును చేసి, నా చిన్న చేతి వేళ్ళు సాగదీసి, చిటికెనవేలు వంచి అద్దేదాన్ని. ఒక్కసారి కూడా ఆమెకు అనుమానం రాలేదు. అప్పుడు నాకు పదిహేడేళ్ళు.

ఆ బియ్యం మా అమ్మ కోసం. నాయన పోయాక అమ్మ మిర్యాలగూడలో ఒకరింటి వసారాలో ఉంటూ, నలుగురి వడ్లు దంచి బతికేది. నిజాం రాజ్యం చివరి రోజులవి. బాటలు మంచిగా లేవని ఆడవాళ్ళను ఊరు దాటనిచ్చేవాళ్ళు కాదు. పుట్టింటికి గింజలు పంపమని అత్తింట్లో అడగడం నాకు నామోషీ. అడిగి చులకనయ్యే కన్నా అడగకుండా తీసుకోవడమే నయమనుకున్నాను.

కోదాడ వైపు నుంచి ఒక గాజులామె వచ్చేది. ఎన్ని గడబిడలున్నా గాజుల మలారం భుజానేసుకొని ఊరూరూ తిరిగేది. ఆమెకు గాజులు వేయించుకుంటూ అమ్మ సంగతి చెప్పుకున్నాను. వసారా సంగతి, దంచి దంచి అమ్మ భుజాలు పట్టేసిన సంగతి, అన్నీ.

"మిర్యాలగూడకు పోతవా అక్కా?"

"నెలకోసారి పోతానమ్మా. ఏమన్నా ఇస్తే మీ అమ్మ చేతిలో పెట్టి వస్తా."

పిడకల గూటిలో దాచిన మూట ఇచ్చాను. నెల తర్వాత వచ్చి చెప్పింది: "మీ అమ్మ నా ఎదురుగానే వండుకొని తిన్నది బిడ్డా. భుజాలే ఇంకా సలుపుతున్నాయంట. నా బిడ్డ చల్లగుండాలె అన్నది."

ఆ రోజంతా నాకు కాలు నేల మీద నిలవలేదు. మళ్ళీ మూట కట్టాను. ఆ తర్వాత అమ్మ కందిపప్పు అడిగిందట, పప్పు తీశాను. చలికి పాత చీర అడిగిందట, నా చీరే ఇచ్చాను.

నేనూ జాగ్రత్త గలదాన్నే. ఒకసారి ఆమెను పరీక్షించాలనుకున్నాను. "మా చిన్నప్పటి ఆవు పేరేంటిదో అమ్మను అడిగి రా అక్కా, మతికి వస్తలేదు" అన్నాను.

ఆమె తిరిగొచ్చి మలారం దించి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఎందుకు అడిగించావమ్మా ఆ మాట? ఆవు అనగానే మీ నాయన యాదికొచ్చి ఒకటే ఏడుపు. పేరు చెప్పబోతే గొంతు పెగల్లేదు. నేను పట్టుకొని కూర్చున్నా."

అనుమానించినందుకు నాకే సిగ్గేసింది. ఆ నెల రెండు సోలలు ఎక్కువ కట్టాను.

నిజాం రాజ్యం పోయి, పటాలం వచ్చి ఊళ్ళు సద్దుమణిగాక మా ఆయన నన్ను మిర్యాలగూడ తీసుకుపోయాడు. వసారాలో అమ్మ లేచి నిలబడడానికి గోడ పట్టుకుంది. చెంపలు లోపలికి పోయాయి.

"ఇన్నొద్దులకు యాదికొచ్చిన్నా బిడ్డా?" అన్నది.

"గాజులామె రాలేదా అమ్మా?"

"ఏ గాజులామె?"

పక్కనే మా ఆయన చెప్పులు విడుస్తున్నాడు, వింటే దొంగతనం బయటపడుతుంది. "ఏం లేదు" అన్నాను. అమ్మ చెప్పిందని గాజులామె తెచ్చిన మాటలు, నేను ఆమెకు చెప్పుకున్నవే నాకు తిరిగొచ్చాయని అప్పుడు తెలిసింది. అమ్మతో ఒంటరిగా మాట్లాడే వీలు దొరక్కుండానే ఆ సాయంత్రం వెనక్కి బయలుదేరాం.

ఆ చలికాలమే పెండ్లికని కోదాడ పోయాం. అత్తమ్మ బట్టల దుకాణంలో ఉంటే, ఎదురుగా అంగడిలో గాజులామె కనిపించింది. దగ్గరికి పోయి గొంతు తగ్గించి అడిగాను.

"నా బియ్యం ఏం జేసినవ్?"

ఆమె జంకలేదు. "నీ బియ్యమా అవి? మీ అత్తగారు అక్కడే ఉన్నారుగా, రమ్మను. ఎవరి బియ్యమో ఆమెనే అడుగుదాం."

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. అంతలో అత్తమ్మ రానే వచ్చింది. గాజులామె నవ్వుతూ నా చెయ్యి అందుకొని పచ్చ గాజులు తొడిగింది. "నీ చేతికి మంచిగున్నయ్" అన్నది అత్తమ్మ.

ఇంటికొచ్చాక అమ్మకు గింజలు పంపమని అత్తమ్మను అడుగుదాం, అడుగుదాం అనుకుంటూనే ఆరు నెలలు గడిపాను. మళ్ళీ గోలెంలో చెయ్యి పెట్టే ధైర్యమూ లేదు, నోరు తెరిచే ధైర్యమూ లేదు. వానలు పడగానే అమ్మ పోయింది.

దినాలకు వచ్చిన అత్తమ్మ ఆ వసారాను, ఖాళీ కుండలను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గింత తిప్పల పడ్డదా? నాకొక్క మాట చెప్పకపోతివి. బండిల రెండు బస్తాలు ఏసి పంపకపోదునా?"

ఆరోజైనా చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. అత్తమ్మ ఎప్పుడో ఒకప్పుడు నన్ను క్షమించేదే. అమ్మ మాత్రం బిడ్డ తనను మరిచిపోయిందనే అనుకొని పోయింది.